పాత డీజిల్ కార్లలో బయోడీజిల్ వినియోగం

నూనె గింజలు, జంతువుల కొవ్వు, వంటకు వాడేసిన నూనె వంటివాటి నుంచి రసాయనికంగా తయారుచేసే ద్రవ ఇంధనం బయోడీజిల్. శాస్త్ర పరిభాషలో ఇది కొవ్వు ఆమ్లాల మిథైల్ ఎస్టర్ల మిశ్రమం. ఎంతో ఎక్కువ పీడనంతో ఇంధనం చిమ్మే కామన్ రైల్ పద్ధతి రాకముందు, పూర్తిగా యాంత్రికమైన ఇంజక్షన్ పంపుతో నడిచిన డీజిల్ కార్లలో ఈ ఇంధనాన్ని ఒంటిగా గాని, పెట్రోలియం డీజిల్‌తో కలిపి గాని వాడటం ఈ వ్యాస విషయం. దీనికి ఇంజన్‌ను విప్పి మార్చవలసిన పని లేదు. మార్చవలసినవి ప్రధానంగా ఇంధనం పారే దారిలోని రబ్బరు భాగాలు. కడగవలసింది ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి.

పదాలు, తేడాలు

మిశ్రమంలో బయోడీజిల్ ఎంత శాతమో ‘బి’ పక్కనున్న అంకె చెబుతుంది. బి5లో ఐదు శాతం, బి20లో ఇరవై శాతం ఉంటుంది. బి100 అంటే కలుపు లేని బయోడీజిల్.

మూడు వేర్వేరు ఇంధనాలను జనం ఒకే పేరుతో పిలవడం వల్ల చాలా ఇంజన్లు పాడయ్యాయి. మొదటిది ముడి నూనె: గానుగ నుంచో, వేపుడు మూకుడు నుంచో వడకట్టి నేరుగా ట్యాంకులో పోసేది. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర దీని చిక్కదనం డీజిల్‌కు దాదాపు పది రెట్లు. వేడిచేసి పలచబరచకపోతే ఇంజక్టర్ నాజిళ్ల వద్ద బొగ్గు కడుతుంది, పిస్టన్ రింగులు అతుక్కుపోతాయి. అందుకే ముడి నూనెతో నడిపేవారు కారులో రెండో ట్యాంకు, వేడిచేసే ఏర్పాటు పెట్టించుకుంటారు. రెండోది బయోడీజిల్. నూనె అణువును విడగొట్టి తయారుచేస్తారు కనుక చిక్కదనంలో డీజిల్‌కు దగ్గరగా వస్తుంది. మూడోది నూనెను హైడ్రోజన్‌తో శుద్ధిచేసి తీసే గ్రీన్ డీజిల్. ఇది ఎస్టర్ కాదు, డీజిల్‌లాంటి హైడ్రోకార్బనే. ఈ వ్యాసం రెండోదానికే పరిమితం.

చరిత్ర

డీజిల్ ఇంజన్‌కు విత్తనాల నూనెతో పరిచయం పాతది. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఓటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపింది. ఆఫ్రికా వలసల్లో విస్తారంగా పండే వేరుశనగ ఇంధనంగా పనికొస్తుందేమో చూడాలన్నది ఫ్రెంచి ప్రభుత్వ ఆసక్తి. ఇంజన్‌ను కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ స్వయంగా 1912లో ఈ విషయం చెప్పాడు. అయితే అక్కడ వాడింది బయోడీజిల్ కాదు, ముడి నూనె. ఈ తేడాను గమనించక, మొదటి డీజిల్ ఇంజనే బయోడీజిల్‌తో నడిచిందని రాసేవారు నేటికీ ఉన్నారు.

నూనెను ఎస్టర్‌గా మార్చి ఇంధనంగా వాడే ఆలోచనకు స్పష్టమైన తొలి పత్రం 1937 నాటి బెల్జియం పేటెంటు. బ్రసెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన జి. షవాన్ దాన్ని పొందాడు. మరుసటి ఏడాది బ్రసెల్స్, లూవెన్ నగరాల మధ్య తిరిగే బస్సును పామాయిల్ ఎస్టర్లతో నడిపి చూశారు. యుద్ధం తర్వాత ముడి చమురు చవకగా దొరకడంతో ఈ దారి మరుగున పడింది.

1970లలో చమురు సంక్షోభం మళ్లీ దాన్ని వెలికితీసింది. దక్షిణాఫ్రికాలో పొద్దుతిరుగుడు నూనె ఎస్టర్లపై పరిశోధన జరిగింది. 1980ల చివరికి ఆస్ట్రియాలో ఆవజాతికి చెందిన రేప్ గింజల నూనెతో కర్మాగారాలు మొదలయ్యాయి. ఆ దేశంలోని గ్రాజ్ నగర బస్సులు హోటళ్లు, ఇళ్ల నుంచి సేకరించిన వాడేసిన నూనెతో చేసిన బయోడీజిల్‌పై తిరిగాయి. జర్మనీలో 2000ల తొలి సగంలో బి100 సాధారణ బంకుల్లోనే దొరికేది. 1990ల నడుమ నుంచి ఫోక్స్‌వాగన్ తన డీజిల్ కార్లలో చాలావాటికి రేప్ నూనె ఎస్టర్‌ను అనుమతించింది. 2006లో జర్మన్ ప్రభుత్వం బి100పై పన్ను మొదలుపెట్టాక ఆ అమ్మకాలు తగ్గిపోయాయి.

అమెరికాలో సోయా రైతు సంఘాలు 1990ల మొదట్లో దీన్ని ముందుకు తెచ్చాయి. వ్యక్తిగత కార్ల విషయానికి వస్తే అక్కడ ప్రాచుర్యం ఇచ్చింది కంపెనీలు కాదు, ఇంటి వెనుక షెడ్డులో పీపాలు పెట్టుకుని ఇంధనం తయారుచేసుకున్న సామాన్యులు. వారు ఎంచుకున్న కారు చాలాసార్లు పాత మెర్సిడెస్ డీజిలే అయింది.

రసాయన ప్రక్రియ

నూనె అణువు ఒక గ్లిజరిన్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కున్న నిర్మాణం. మిథనాల్‌ను కాస్టిక్ సోడా లేదా కాస్టిక్ పొటాష్ సమక్షంలో కలిపి 60 డిగ్రీల దగ్గర కలియబెడితే గ్లిజరిన్ విడిపోతుంది; మూడు కొవ్వు ఆమ్లాలూ మిథనాల్‌తో జతకట్టి మూడు ఎస్టర్ అణువులవుతాయి. వంద కిలోల నూనె నుంచి దాదాపు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిజరిన్ వస్తాయి. బరువైన గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. పైన తేలిన ఎస్టర్‌ను నీటితో కడిగి, తడి ఆరబెట్టి, వడకడతారు.

వాడేసిన నూనెలో విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. అవి కాస్టిక్ సోడాతో కలిసి సబ్బవుతాయి. సబ్బు ఎక్కువైతే ఎస్టరూ గ్లిజరినూ విడివడవు, ఇంధనం వెన్నలా కట్టుకుపోతుంది. అందువల్ల ప్రతి పీపా నూనెనూ ముందుగా పరీక్షించి, ఉత్ప్రేరకం, అంటే కాస్టిక్ సోడా, ఎంత కావాలో లెక్కగట్టాలి. కానుగ నూనె వంటి వాటిలో ఆమ్లం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ముందు గంధకామ్లంతో ఒక దశ, ఆ తర్వాత క్షారంతో రెండో దశ నడుపుతారు.

మిథనాల్ విషం. తాగితే చూపు, ప్రాణం రెండూ పోవచ్చు. ఆవిరి పీల్చినా, చర్మానికి తగిలినా హానికరమే. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. వంటగదిలోనో, గాలి ఆడని గదిలోనో ఈ పని చేయడం ఎంతమాత్రం తగదు.

అనువైన ఇంజన్లు

పాత డీజిల్ కార్ల ఇంజన్లలో ఎక్కువ భాగం పరోక్ష ఇంజక్షన్ రకం. ఇంధనం నేరుగా సిలిండర్‌లోకి కాక, పక్కనున్న చిన్న గదిలోకి చిమ్ముతుంది. అక్కడే అంటుకుని, మంట సిలిండర్‌లోకి దూసుకొస్తుంది. నాజిల్ రంధ్రం పెద్దది, పీడనం తక్కువ. ఇంధనం చిక్కదనంలో చిన్న తేడా వచ్చినా ఈ నిర్మాణం ఓర్చుకుంటుంది. 1976–85 మధ్య తయారైన మెర్సిడెస్ డబ్ల్యు123 శ్రేణి కార్లు, అందులోనూ ఐదు సిలిండర్ల ఓఎం617 ఇంజన్ ఉన్నవి, ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. 1976లో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ డీజిల్, పెజో 504, 505 డీజిళ్లూ ఇదే కోవలోవి. భారతదేశంలో అంబాసిడర్ డీజిల్, 1998లో వచ్చిన తొలి టాటా ఇండికా పరోక్ష ఇంజక్షన్ కార్లే.

పంపుల్లో రెండు రకాలున్నాయి. మెర్సిడెస్‌లోని వరుస పంపు కింది భాగానికి ఇంజన్ ఆయిల్ తడి అందుతుంది. గోల్ఫ్‌లోని రోటరీ పంపు లోపలి భాగాలన్నిటికీ ఇంధనమే కందెన. మన మెకానిక్‌లు నేటికీ ‘మైకో పంపు’ అని పిలిచేది బెంగళూరులో బాష్ సంస్థ శాఖ తయారుచేసిన ఇలాంటి పంపులనే. డీజిల్‌లో గంధకం తగ్గించే శుద్ధిలో దాని సహజ కందెన గుణం కూడా పోతుంది. భారత్‌లో 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల్లో పది వంతులకు మించదు. చమురు కంపెనీలు కందెన రసాయనాలు కలిపి ఆ లోటు పూడుస్తాయి. ఒకటి రెండు శాతం బయోడీజిల్ కలిపినా అదే ఫలితం వస్తుంది. రోటరీ పంపున్న పాత కారుకు ఇది నిజమైన మేలు.

కొత్త కార్ల సంగతి వేరు. కామన్ రైల్ ఇంజన్ల నాజిళ్లు అతి సన్నం, పీడనం ఎంతో ఎక్కువ. పొగ గొట్టంలోని మసి వడపోత జల్లెడను శుభ్రపరచడానికి కొన్ని ఇంజన్లు ఆలస్యంగా మరోసారి ఇంధనం చిమ్ముతాయి. అందులో కొంత సిలిండర్ గోడల మీదుగా ఇంజన్ ఆయిల్‌లోకి జారుతుంది. డీజిల్ అయితే వేడికి చాలావరకు ఆవిరైపోతుంది. బయోడీజిల్ మరిగే ఉష్ణోగ్రత ఎక్కువ కనుక ఆయిల్‌లోనే నిలిచి దాన్ని పలచబరుస్తుంది. పాత కారుకు ఈ జల్లెడా లేదు, ఈ చిక్కూ లేదు.

ఇంధన వ్యవస్థపై ప్రభావం

బయోడీజిల్ మంచి ద్రావకం. పదిహేను, ఇరవై ఏళ్లుగా డీజిల్ తాగిన కారు ట్యాంకు గోడలకు, పైపులకు బంక, మడ్డి పట్టి ఉంటాయి. బయోడీజిల్ వాటిని కరిగించి, పెచ్చులుగా ఊడదీసి ఫిల్టర్‌లోకి తోస్తుంది. బండి పికప్ పడిపోతుంది, ఎత్తు ఎక్కలేకపోతుంది, చివరకు ఆగిపోతుంది. కొత్త ఇంధనం ఇంజన్‌ను చెడగొట్టిందని యజమాని అనుకునేది సరిగ్గా ఇప్పుడే. జరిగింది ఫిల్టర్ నిండిపోవడం మాత్రమే. ఫిల్టర్ మార్చి, పంపులో గాలి తీస్తే బండి మళ్లీ కదులుతుంది.

అసలు నష్టం రబ్బరుది. సహజ రబ్బరు, నైట్రైల్ రబ్బరుతో చేసిన గొట్టాలు, ఓ-రింగులు, సీళ్లు గాఢమైన బయోడీజిల్‌లో నానితే ఉబ్బుతాయి, మెత్తబడతాయి, చివరకు చెమరుస్తాయి. ఇది రాత్రికి రాత్రి జరగదు; వారాలు, నెలలు పడుతుంది. ముందుగా ఓడేవి సాధారణంగా ఇంజక్టర్ల మధ్య ఉండే సన్నని రిటర్న్ గొట్టాలు. వీటి స్థానంలో బజారులో వైటన్ పేరుతో దొరికే ఫ్లోరో రబ్బరు వేస్తే ఈ బాధ ఉండదు. పంపు లోపలి సీళ్లను కూడా అదే రబ్బరుతో మార్పించడం మంచిది, కానీ అది పంపుల పనిలో ఆరితేరిన చోటే చేయించాలి. బి20 వరకు ఈ ప్రభావం స్వల్పం.

లోహాల్లో రాగి, ఇత్తడి, కంచు, సీసం, తగరం, జింకు బయోడీజిల్ చెడిపోవడాన్ని వేగిరం చేస్తాయి. ఇనుము, ఉక్కు, అల్యూమినియం పరవాలేదు. అందుకే జింకు పూసిన డబ్బాల్లో, ఇత్తడి కుళాయిలున్న పీపాల్లో దీన్ని నిలవ ఉంచరు. పోసేటప్పుడు కారు రంగు మీద ఒలికితే వెంటనే తుడవాలి. వదిలేస్తే రంగు లేస్తుంది.

మార్చుకునే క్రమం

ఇంజన్ ఆరోగ్యం ముందు చూడాలి. హీటర్ ప్లగ్గులు పనిచేయని, కంప్రెషన్ పడిపోయిన, నాజిళ్లు ముద్దగా చిమ్ముతున్న బండికి ఇంధనం మార్చినంత మాత్రాన ఒరిగేది లేదు. ట్యాంకు దింపి కడిగించడం వీలైతే సగం పని అయినట్టే. వీలుకాకపోతే బి10తోనో, బి20తోనో మొదలుపెట్టి, కొన్ని ట్యాంకుల వ్యవధిలో మోతాదు పెంచుతారు. అప్పుడు మడ్డి ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా ఊడుతుంది. ఈ కాలమంతా కారులో ఒక కొత్త డీజిల్ ఫిల్టర్, దాన్ని విప్పే పరికరం ఉంచుకోవాలి. ఫిల్టర్‌కు ముందు పారదర్శకమైన చిన్న ఫిల్టర్ ఒకటి బిగిస్తే చెత్త ఎంత వస్తున్నదీ కంటికే కనిపిస్తుంది. మోతాదు ఇరవై శాతం దాటే ముందే రబ్బరు గొట్టాలు మార్చాలి. కారు నెలల తరబడి కదలకుండా నిలిపే అవకాశం ఉంటే ట్యాంకులో బి100 వదలకూడదు. ఆఖరి ట్యాంకు మామూలు డీజిల్‌తో నింపాలి.

నాణ్యత, పరీక్షలు

ప్రమాణాలు మూడు ముఖ్యం: అమెరికాలో ఏఎస్‌టీఎం డి6751, ఐరోపాలో ఈఎన్ 14214, భారతదేశంలో 2005లో మొదట వెలువడిన ఐఎస్ 15607. మిగిలిన మిథనాల్, గ్లిజరిన్, నీరు, ఆమ్లత్వం, ఆక్సీకరణను తట్టుకునే శక్తి వంటివాటికి ఇవి హద్దులు పెడతాయి.

ఇంట్లో తయారైన ఇంధనానికి ప్రయోగశాల అందుబాటులో ఉండదు. రెండు చిన్న పరీక్షలు అందరికీ సాధ్యం. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేసి కుదిపితే పూర్తిగా మారిన ఎస్టర్ కరిగిపోతుంది; మారని నూనె అడుగున చుక్కలా నిలుస్తుంది. రెండోది సీసాలో సగం ఇంధనం, సగం నీరు పోసి గట్టిగా కుదపడం. మంచి ఇంధనం అరగంట లోపల తేటగా వేరుపడుతుంది. సబ్బు మిగిలి ఉంటే మజ్జిగలా తెల్లగా కలిసిపోయి ఉండిపోతుంది. తేటగా, అవతలి అక్షరాలు చదవగలిగేలా ఉన్న ఇంధనాన్నే ట్యాంకులో పోయాలి. పాత కార్లలో బయోడీజిల్ వల్ల జరిగాయనే నష్టాల్లో చాలావాటికి మూలం సగం మారిన, సరిగా కడగని, తడి ఆరని ఇంధనమే.

చలి, నీరు, నిలవ

ఏ నూనె నుంచి చేశారన్నదాన్ని బట్టి బయోడీజిల్ చలిలో ప్రవర్తిస్తుంది. సోయా ఎస్టర్ సున్నా డిగ్రీల దగ్గర మసకబారుతుంది. పామాయిల్ ఎస్టర్ 13–16 డిగ్రీలకే మైనపు రేణువులు కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. నెయ్యి పేరుకున్నట్టే ఇదీ, వేడి తగిలితే తిరిగి కరుగుతుంది.

డీజిల్ కంటే బయోడీజిల్ ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని తనలో కలుపుకుంటుంది. వానాకాలపు తేమలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరి, సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు కడుతుంది. వెలుతురు, గాలి తగలకుండా నిండు పీపాలో ఉంచి ఆరు నెలల లోపు వాడేయాలి.

మైలేజీ, పొగ

లీటరుకు బయోడీజిల్ ఇచ్చే శక్తి డీజిల్ కంటే ఎనిమిది శాతం మేర తక్కువ. బి100లో మైలేజీ ఆ మేరకు తగ్గుతుంది. బి20లో తేడా ఒకటి రెండు శాతమే. మండే లక్షణాన్ని తెలిపే సీటేన్ సంఖ్య సాధారణంగా డీజిల్‌కు సమానం, లేదా ఎక్కువ. ఇంజన్ చప్పుడు కాస్త మెత్తబడుతుంది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో పాత భారీ ఇంజన్ల లెక్కలు క్రోడీకరించింది. వాటి ప్రకారం బి100తో మసి సుమారు 47 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 48 శాతం, కాలని హైడ్రోకార్బన్లు 67 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం 10 శాతం పెరిగాయి. పెరగడానికి ఒక కారణం యాంత్రిక పంపే. బయోడీజిల్ డీజిల్ కంటే తక్కువ కుదించుకుపోతుంది కనుక పైపులో పీడనం త్వరగా అందుకుని, నాజిల్ కొంచెం ముందే తెరుచుకుంటుంది.

భూతాపం విషయంలో ఫలితం ముడి సరుకును బట్టి మారుతుంది. పారబోయవలసిన నూనెతో చేసిన బయోడీజిల్‌కు మేలు స్పష్టం. అడవులు నరికి వేసిన పామ్ తోటల నూనెతో చేసినదానికి ఆ మేలు దక్కదు, కీడే మిగలవచ్చు. రెండిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

భారతదేశంలో

2002 డిసెంబరు 31న ఢిల్లీ–అమృత్‌సర్ శతాబ్ది రైలును ఐదు శాతం బయోడీజిల్ మిశ్రమంతో నడిపారు. 2003లో ప్రణాళికా సంఘం నివేదిక బంజరు భూముల్లో అడవి ఆముదం, అంటే జట్రోఫా, పెద్ద ఎత్తున వేయాలని సూచించింది. నీరు, ఎరువు లేని నేలలో ఆ మొక్క ఆశించిన కాపు ఇవ్వలేదు. నమ్మి నాటిన రైతులు నష్టపోయారు. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి ఐదు శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. అదే ఏడాది ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ, వంటనూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వంటకు వాడరాదని నిబంధన అమలుచేసి, అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్లించే రూకో పథకం ప్రారంభించింది. రోడ్డు పక్క బండ్ల మీద మళ్లీ మళ్లీ మరిగే నూనెను ప్రజల కడుపుల్లోంచి తప్పించడం ఈ పథకంలో ఇంధనం కంటే విలువైన ఫలితం.

2019 మార్గదర్శకాల ప్రకారం బి100ను డీజిల్‌లో కలపడానికి అనుమతి పొందినవారే అమ్మాలి. అయినా ‘బయోడీజిల్’ బోర్డు కింద పారిశ్రామిక నూనెలు కలిపి అమ్మిన ఘటనలు గుజరాత్ తదితర చోట్ల బయటపడ్డాయి. పాత కారు ఎంత ఓర్పుగలదైనా అలాంటి సరుకును తట్టుకోలేదు. కారు వయసుకు సంబంధించిన నియమాలు వేరుగా వర్తిస్తాయి: ఢిల్లీ పరిసర ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై న్యాయస్థానాల ఆదేశాలు ఏ ఇంధనంతో నడిపినా ఒకటే.

తెలుగు ప్రాంతంలో

కానుగ చెట్టు తెలుగు నేలకు కొత్తది కాదు. దాని నూనెను దీపానికి, గింజల పిండిని ఎరువుగా వాడటం పాత అలవాటు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ గిరిజన మహిళలు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీశారు. ఆ నూనె డీజిల్‌కు బదులు నిలిచినందుకు తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే, కానీ మారుమూల గూడెంలోని ఆడవాళ్లు చెట్టు నాటి ఆ సొమ్ము సంపాదించడం చిన్న విషయం కాదు.

పరిశ్రమ స్థాయిలో కాకినాడ ముఖ్య కేంద్రం. రేవు దగ్గర ఉండటం వల్ల ఇక్కడి కర్మాగారానికి దిగుమతి పామ్ సరుకు, ముఖ్యంగా పామ్ స్టియరిన్, సులువుగా అందింది. స్టియరిన్ పామాయిల్‌లో త్వరగా గడ్డకట్టే భాగం. దానితో చేసిన బి100 కాకినాడ, విజయవాడ ఎండల్లో ఏ ఇబ్బందీ పెట్టదు. అదే ట్యాంకుతో డిసెంబరు చలిలో లంబసింగికో ఆదిలాబాద్‌కో వెళ్లిన పాత కారు తెల్లవారుజామున కదలదు. అలాంటి చోట్లకు బయల్దేరే ముందు మిశ్రమాన్ని బి20కి, వీలైతే ఇంకా దిగువకు తగ్గించుకోవాలి. కదలని బండిని తోయించే బదులు ఎండ వచ్చే వరకు ఆగి, ఫిల్టర్ మీద వేడినీళ్ల గుడ్డ చుడితే మైనం కరిగి ఇంధనం పారుతుంది.